వైద్యవిద్యార్థియు గ్రంథాలయమును

విజయనగరమునుండి విశాఖపట్టణమునకు పోవు రైలుమార్గమున కొత్తవలస యొక కూడలి. తీరము వెంబడి పోవు పెద్దలైనునుండి అరకు కొండలమీదుగా కిరండూలునకు పోవు మార్గము ఇచ్చటనే చీలును. బైలదిల్లా కొండల యినుపరాతిని విశాఖ రేవునకు చేర్చుటకై 1960 తరువాతి సంవత్సరములలో వేసిన మార్గమది. ఒకప్పుడు విశాఖపట్టణము జిల్లాలో నుండి, 1979లో విజయనగరము జిల్లా యేర్పడినప్పుడు అందు చేరిన యీ యూరు, రెండు పట్టణములకు నడుమనుండుటచే, చదువులకై పోవు పిల్లలను ప్రతిదినమును ఇరువైపులకును సాగనంపుచుండును.

ఈ యూర నొక చిన్న రైతుయింటి బాలిక వైద్యకళాశాలలో చేరినదనుకొందము. ఆ యింట నింతకుముందు వైద్యులు లేరు. పుస్తకముల బీరువాయు లేదు. మొదటివారమున నామె తెచ్చిన పుస్తకముల పట్టికను తండ్రి చూచి, ఒక్కొక్కదాని వెలను వ్రేళ్లమీద కూడుకొనుచు నడుమనే లెక్క తప్పిపోవును. కళాశాలలో పుస్తకభాండాగారము కలదనియు, కొనలేనివారు అచ్చట చదువుకొనవచ్చుననియు నెవరో చెప్పుదురు. ఆయనకు ప్రాణము లేచివచ్చును. బాలిక యచ్చటికి పోవును. పోయి యేమి చేయును? ఏమి చేయుట నేర్చుకొనును? ఈ వ్యాసమున నేను విచారింపదలచిన దింతే.

ఇది చిన్న ప్రశ్న యని కొందరు తలంపవచ్చును. వైద్యము చేతిపని, అది రోగి ప్రక్కనే నేర్వవలసినది, పుస్తకములు పరీక్షకొరకు మాత్రమే యని మన యిండ్లలో పెద్దలు తరచుగా ననుచుందురు. ఇందు కొంత సత్యము కలదు. నాడిని చూచుట పుస్తకమువలన రాదు. కాని నాడిలో తోచిన వింతకు కారణమేమో, దానినింతకుముందు మరియొకరు చూచిరా, చూచినవారేమి చేసిరి, చేసినదానివలన రోగి బ్రదికెనా చచ్చెనా అనునవి ఒక్క వైద్యుని యనుభవమున నిముడునవి కావు. అవి వేలకొలది వైద్యుల యనుభవము. ఆ యనుభవమంతయు నిలువయున్న చోటికే గ్రంథాలయమని పేరు. కావున వైద్యవిద్యార్థి గ్రంథాలయము నెట్లు వాడుకొనుచున్నాడను ప్రశ్న, రేపు మన మంచముప్రక్క కూర్చుండి మందు వ్రాయువాడు ఎట్టివాడు కానున్నాడను ప్రశ్నయే.

ఒక్క పుస్తకపు కాలము

మన దేశమున పాశ్చాత్యవైద్యము బోధింప మొదలిడిన దినములలో పుస్తకము దుర్లభమైన వస్తువు. చెన్నపట్టణమున 1835లో వైద్యపాఠశాల వెలసెను. 1850లో దానికి కళాశాల యను పేరు వచ్చెను. 1875లో నలుగురు స్త్రీ లందు చేరిరి. వారిలో మేరీ షార్లీబు అనునామె తరువాత ఇంగ్లండునందును గొప్ప వైద్యురాలుగా పేరొందెను. ఆ నాళ్లలో పుస్తకములు ఓడలమీద రావలెను. ఆచార్యుడు చెప్పిన పాఠమును వ్రాసికొనుటయు, ఒకని వ్రాతను మరియొకడు చూచి యెత్తికొనుటయు విద్యార్థులకు ముఖ్యాధారము. మన తాళపత్రముల కాలపు రీతియే కాగితముమీద సాగినదని చెప్పవచ్చును.

ఆ కాలమున విద్యార్థి చేతికొక్క గొప్ప పుస్తకము చిక్కెనేని అది యతని పాలిటి గ్రంథాలయమే. 1858లో లండనునందు వెలువడిన హెన్రీ గ్రే శరీరనిర్మాణశాస్త్ర మట్టిది. దాని మాటలు గ్రేవి. బొమ్మలు హెన్రీ వాన్‌డైక్ కార్టరువి. గ్రే 1861లో చిన్నవయస్సుననే మరణించెను. కార్టరో, పుస్తకమచ్చైన యేటనే బొంబాయికి వచ్చి అచ్చటి గ్రాంటు వైద్యకళాశాలలో బోధించుచు మూడు దశాబ్దములు మన దేశముననే గడపెను. పాదమును తొలిచివేయు మైసెటోమా యను వ్యాధినిగూర్చి శోధించి పేరుపొందెను. నేడు కూడ ఏ కళాశాల గ్రంథాలయమునకు పోయినను గ్రే పుస్తకము కానవచ్చును. దానిని తిరుగవేయు విద్యార్థులలో ఎందరికి, ఆ బొమ్మలు గీసిన చేయి మన దేశపు రోగులకును సేవచేసినదని తెలియును?

ఉత్తరాంధ్రమునకు వైద్యవిద్య కొంత ఆలస్యముగా వచ్చెను. విశాఖపట్టణమున 1902లో వైద్యపాఠశాల నెలకొనెను. అది కళాశాల స్థాయిది కాదు. పట్టము కావలసినవారు చెన్నపట్టణమునకు పోవలసియుండెను. 1923 జూలై నెలలో పాఠశాల స్థానమున కళాశాల యేర్పడి 32 మంది విద్యార్థులతో ప్రారంభమయ్యెను. ఆ నెలలోనే కింగు జార్జి ఆసుపత్రిని నాటి మంత్రివర్గమునకు పెద్దయైన పానగల్లు రాజావారు తెరచిరి. ఒక చేత రోగిని, మరియొక చేత పుస్తకమును పట్టుకొని నడుచు విద్యకు మన ప్రాంతమున నదియే నాంది. 1926లో ఆంధ్రవిశ్వవిద్యాలయ మేర్పడగా కళాశాల దానికి చెందినదై, 1940లో ఆంధ్రవైద్యకళాశాల యని పేరు మార్చుకొనెను. 1986లో ఆరోగ్యశాస్త్రములకు ప్రత్యేక విశ్వవిద్యాలయము విజయవాడయందు వెలసిన పిమ్మట దానిక్రిందికి వచ్చెను. శ్రీకాకుళమునుండియు కొరాపుటు కొండలనుండియు రోగులు నేటికిని ఆ యాసుపత్రికే పోవుచుందురు.

పుస్తకము లేని శోధకుడు

పుస్తకములు లేకయే గొప్ప పనులు జరుగలేదా యని యడుగవచ్చును. జరిగినవి. మన తెలుగునేలమీద జరిగినదానినే చూతము. 1897 ఆగష్టు 20వ తేదీన సికందరాబాదునందు రొనాల్డ్ రాస్ అను సైనికవైద్యుడు దోమ కడుపులో మలేరియా సూక్ష్మజీవిని కనుగొనెను. అందుకు 1902లో నోబెలు బహుమానము వచ్చెను. ఈ కథ మన పాఠపుస్తకములలో నున్నది. లేనిది మరియొక సంగతి.

మలేరియా సూక్ష్మజీవిని ఫ్రెంచి వైద్యుడు లావెరాను 1880లోనే అల్జీరియాలో చూచియుండెను. దూరమునందలి సైనికస్థావరములలో తిరుగుచున్న రాసునకు చాలకాలము దానియందు నమ్మకము కుదురలేదు. 1894లో సెలవుమీద లండనునకు పోయినప్పుడు మాన్సన్ అను వైద్యుడు సూక్ష్మదర్శినిలో దానిని చూపిన తరువాతనే యతని సంశయము తీరెను. తిరిగి మన దేశమునకు వచ్చి దోమలను కోయనారంభించినప్పుడు మరియొక చిక్కు వచ్చెను. దోమలలో జాతులెన్ని, వాని పేర్లేవి, ఒకదానినుండి మరియొకదాని నెట్లు గుర్తింపవలెను అని తెలుపు గ్రంథము లతనికి దొరకలేదు. కావున, ఱెక్కలపై మచ్చలు గలవని, గోధుమవన్నెవని, చారలవని, తన కంటికి తోచిన పేర్లే పెట్టుకొనెను. మలేరియాను మోయని జాతి దోమలను కోయుటలో నతని శ్రమ యెంతయో వ్యర్థమయ్యెను. సరియైన దోమ చేతికి వచ్చినప్పుడు అది ఱెక్కలపై మచ్చలు గలదని వ్రాయగలిగెనేగాని దాని శాస్త్రీయనామమును వ్రాయలేకపోయెను.

రాసు పట్టుదల పుస్తకము లేని లోటును జయించినమాట నిజము. కాని యా లోటు మ్రింగిన మాసముల లెక్కయు చూడవలెను. ఆ మాసములలో మన గ్రామములలో చలిజ్వరము ఆగియుండలేదు. మాన్సను ఉత్తరములే రాసునకు గ్రంథాలయమై నిలిచినవి. ఇట్టి మిత్రుడు అందరు వైద్యులకును దొరకడు. అందరికిని దొరకవలసినది గ్రంథాలయము.

ఆంధ్రదేశపు పుస్తకోద్యమము

విచిత్ర మేమనగా, వైద్యకళాశాల పుట్టుటకు ముందే తెలుగుదేశమున గ్రంథాలయమనిన ప్రజల గుండె కదలుచుండెను. విశాఖపట్టణముననే 1886లో మంతెన ఆదినారాయణమూర్తి యను బడిపంతులు సరస్వతీనిలయమను పుస్తకభాండాగారమును నెలకొల్పెను. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును, 1911లో బెజవాడయందు రామమోహన గ్రంథాలయమును వెలసినవి. 1914 ఏప్రిలునెలలో బెజవాడయందే ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము పుట్టెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణమై నిలిచిరి. అంతకుముందే, 1906లో, కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి చరిత్రమును ప్రకృతిశాస్త్రములను తెలుగున ముద్రింపించిరి. ఆ మండలికి జీవశాస్త్రమును వ్రాసి యిచ్చిన ఆచంట లక్ష్మీపతిగారు చెన్నపట్టణపు వైద్యకళాశాలలో చదివినవారే.

ఈ యుద్యమపు గొప్పతన మెక్కడ నున్నది? పుస్తకము ధనవంతుని బీరువాలోనిది కాదు, ఊరివారి సొత్తు అని చెప్పుటలో నున్నది. చదువరి పుస్తకముకొరకు కాచుకొనుట కాదు, పుస్తకమే చదువరికొరకు కాచుకొనవలెనని చెప్పుటలో నున్నది. చెన్నపట్టణ విశ్వవిద్యాలయపు గ్రంథపాలకుడైన రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన పంచసూత్రములు ప్రపంచప్రసిద్ధి పొందినవి. పుస్తకములు దాచుటకు గాక వాడుటకనియు, చదువరి కాలమును వ్యర్థము కానీయరాదనియు వాని సారము. ఆంధ్రవిశ్వవిద్యాలయమున అబ్బూరి రామకృష్ణరావుగారు గ్రంథపాలకులుగా నుండి, 1935లో గ్రంథాలయశాస్త్రమునందు శిక్షణ నారంభింపజేసిరి. కవియు నాటకకర్తయునైన ఆయన, గ్రంథపాలకుని పని తాళపుచెవుల పని కాదని చేతలతో చూపిరి.

అయినను ఈ వెలుగు వైద్యవిద్యార్థులమీద నంతగా ప్రసరింపలేదు. ప్రజాగ్రంథాలయమున ఆంగ్ల వైద్యగ్రంథములు లేవు. వైద్యకళాశాల గ్రంథాలయమున ప్రజలకు చోటు లేదు. రెండును ఒకే పట్టణమున నుండియు రెండు లోకములై పోయినవి. ఈ యెడబాటువలన నష్టపడువారెవరో వ్యాసాంతమున మరల చూతము.

వెదకుట యనెడి విద్య

పందొమ్మిదవ శతాబ్దము చివరకు వచ్చునప్పటికి వైద్యమునకు క్రొత్త కష్టము వచ్చెను. అది పుస్తకముల కొరత కాదు, పుస్తకముల వఱద. నూర్లకొలది వైద్యపత్రికలు నానాభాషలలో నెలనెల వెలువడుచుండగా, తనకు కావలసిన వ్యాసమెందున్నదో తెలిసికొనుట యెట్లు? అమెరికా సైన్యవైద్యాధికారి జాన్ షా బిల్లింగ్స్ దీనికొక యుపాయము పన్నెను. లోకమున ప్రకటితమగు వైద్యవ్యాసములన్నిటికిని విషయక్రమమున పట్టికలు వేసి 1879లో ఇండెక్స్ మెడికస్ అను మాసపత్రికను వెలువరించెను. ఇందు వైద్యము లేదు; వైద్యమెక్కడ నున్నదో చెప్పుట మాత్రమే యున్నది.

తరువాతి శతాబ్దమున శ్రద్ధగల వైద్యవిద్యార్థి గ్రంథాలయమున చేసిన పనియంతయు దీనిచుట్టును తిరిగినది. బల్లమీద బరువైన సంపుటములు పరచుకొని, ఒక్కొక్క సంవత్సరమును వెనుకకు వెదకుచు, దొరికిన వ్యాసముల పేర్లను చిన్న చీటీలపై వ్రాసికొని, ఆ పత్రిక తమ కళాశాలలో లేనియెడల వ్యాసకర్తకే యుత్తరము వ్రాసి ప్రతి పంపుమని వేడుకొనెడివారు. నెలలు గడచిన పిదప నేదో దేశపు తపాలాముద్రతో నొక కవరు వచ్చెడిది. అట్లు వచ్చిన వ్యాసమును అక్షరమక్షరము చదువకుండ నుండగలవాడెవడు? శ్రమ యెక్కువ, కాని యా శ్రమయే ప్రశ్నను పదునుపెట్టెడిది. ఏమి వెదకుచున్నానో తెలియనివానికి ఆ సంపుటములలో నేదియు దొరకదు.

ఈ పట్టికలు 1964లో గణనయంత్రములలోనికి ఎక్కినవి. 1971లో తంతిద్వారా దూరమునుండి చూడ వీలయ్యెను. 1997లో పబ్‌మెడ్ అను పేర లోకమునకంతయు ఉచితముగా తెరువబడెను. అచ్చుపట్టిక 2004తో నిలిచిపోయెను. మన దేశమున ఢిల్లీయందలి జాతీయవైద్యగ్రంథాలయ మీ సౌకర్యములను కళాశాలలకు చేర్చుటకు పూనుకొనెను. బిల్లింగ్సు నూటికి పైగా సంవత్సరములకు ముందు బండ్లమీద మోయించిన భారము నేడు కొత్తవలస స్టేషనులో నిలుచున్న బాలిక చేతి ఫోనులో నిముడుచున్నది. తండ్రి కూడుకొనలేని వెలల లెక్కయు కొంత తీరినట్లే.

ఇక గ్రంథాలయ మేల? ఫోనుండగా ఆ బల్లలు, ఆ బీరువాలు, ఆ గ్రంథపాలకుడు ఏల? ఈ ప్రశ్నకు నేను నా వాదముతో బదులు చెప్పను. ఒక మరణముతో చెప్పెదను.

2001లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున, ప్రపంచప్రసిద్ధమైన జాన్స్ హాప్‌కిన్స్ వైద్యసంస్థలో, ఉబ్బసమునుగూర్చి జరిగిన పరిశోధనకు ఆరోగ్యవంతురాలైన యొక 24 ఏండ్ల యువతి స్వచ్ఛందముగా ఒప్పుకొనెను. హెక్సామెథోనియమను మందును ఆవిరిగా పీల్పించిరి. ఊపిరితిత్తులు చెడి కొన్ని వారములలో నామె మరణించెను. ఆ మందు ఊపిరితిత్తులకు హానిచేయునని 1950 దశాబ్దపు వైద్యపత్రికలలో వ్యాసములుండెను. పరిశోధకుడు వెదకకపోలేదు, వెదకెను. కాని యతడు ముఖ్యముగా చూచిన పబ్‌మెడ్ పట్టిక యా నాడు 1966నుండి మాత్రమే యుండెను. అంతకుముందటి విషయములు పాత అచ్చుపట్టికలలో నుండిపోయినవి. తెరమీద లేనిది లోకముననే లేదనుకొనుటవలన నొక నిండుప్రాణము పోయెను. గ్రంథపాలకుని యడిగియుండినచో పాత సంపుటములను చూడుమని చెప్పియుండునని అప్పుడు లోకమంతట చర్చ జరిగెను.

దీనికి ప్రతిగా మరియొక నిదర్శనము. అదే దేశమున రోచెస్టరు ప్రాంతపు 15 ఆసుపత్రులలో జరిగి 1992లో ప్రకటితమైన పరిశీలనయందు, గ్రంథపాలకులు వెదకి యిచ్చిన సమాచారమును చూచిన పిమ్మట రోగి చికిత్సలో నేదో యొక మార్పు చేసితిమని నూటికి సుమారు 80 మంది వైద్యులు చెప్పిరి. పుస్తకముల కాపరి యని మనము తేలికగా చూచు వ్యక్తి చేతిలో నెంత యున్నదో పాఠకులే యూహింపగలరు.

నేటి విద్యార్థి

ఇపుడు మన కళాశాలలకు వత్తము. వైద్యకళాశాల గ్రంథాలయమునకు పరీక్షల ముందర సాయంకాలము పోయి చూచినచో కుర్చీలన్నియు నిండియుండును. చూచువారికి సంతోషము కలుగును. దగ్గరకు పోయి చూచిన, తెరచియున్న పుస్తకములు పెక్కు విద్యార్థులవే, గ్రంథాలయమువి కావు. తమ పుస్తకము, తమ వ్రాత, తమ ఫోను తెచ్చుకొని, అచ్చటి నిశ్శబ్దమును, దీపమును, చల్లదనమును మాత్రము వాడుకొనుచున్నారు. పట్టము చేతికి రాకముందే పైచదువుల ప్రవేశపరీక్షకై ప్రశ్నావళులు వల్లెవేయుచున్నారు. పెద్ద గ్రంథమును విడిచి దాని సారమును చూపు చిన్న పుస్తకమును, దానిని విడిచి దాని ప్రశ్నలను, చివరకు ఆ ప్రశ్నల జవాబులను మాత్రము పట్టుకొనుచున్నారు. చెఱకునుండి పిప్పిని వేరుచేయుచు వేరుచేయుచు రసమును గూడ పారవేసినట్లున్నది.

దీనికి వారినే నిందించుట న్యాయము కాదు. నిశ్శబ్దమైన చోటు గూడ పేదయింటి బిడ్డకు గొప్ప వరమే. ఒకే గదిలో నలుగురు నిద్రించు నింట, దీపము ముందర రాత్రి పదిగంటలవరకు కదలక కూర్చుండుట యెంత కష్టమో యెరిగినవారు ఆ కుర్చీ విలువ నెరుగుదురు. పుస్తకములు కొనలేనివారికొరకు ప్రభుత్వము 1978-79లో పుస్తకనిధి పథకము నారంభించెను. వైద్యము, యంత్రశాస్త్రము మొదలగు విద్యలు చదువు షెడ్యూలుకులముల విద్యార్థులకు పాఠ్యగ్రంథముల కట్టను కలిసి వాడుకొనుటకు గ్రంథాలయముద్వారా నిచ్చుట దీని యుద్దేశము. మొదట ముగ్గురి కొక కట్ట. పిదప నిద్దరి కొక కట్ట. ఎందరు దళితయువకులు ఆ పంచుకొన్న పుస్తకములతోనే వైద్యులైరో! పరీక్షముందు రాత్రి ఒకే గ్రంథమును ఇద్దరు చదువవలసివచ్చినప్పుడు ఒకరు పైకి చదువగా మరియొకరు వినుచుండుట సమానత్వమునకు ఒక పాఠము.

లోప మెక్కడ ననగా, అడుగుట నేర్పకపోవుటలో నున్నది. పన్నెండేండ్లు పాఠశాలలో, ఆపైన ప్రవేశపరీక్షల శిక్షణాలయములలో, ప్రతి ప్రశ్నకు ఒకే జవాబు గలదనియు, అది ముందుగనే యెవరో వ్రాసి పెట్టిరనియు నేర్చివచ్చిన బాలికకు, ఒక రోగి విషయమున ఇద్దరు పండితులు వేరువేరుగా చెప్పిన గ్రంథములను ప్రక్కప్రక్కన బెట్టి, ఎవరి యాధారము బలమైనదని తూచుట యెట్లు వచ్చును? 2019లో వచ్చిన క్రొత్త వైద్యపాఠ్యక్రమము మొదటి నెలను పునాదిబోధనకు కేటాయించి, విద్యార్థి తానై నేర్చుకొనుటకును గంటలను నిర్ణయించెను. మంచిదే. కాని ఆ గంటలలో గ్రంథాలయపు తలుపు తెరచి, గ్రంథపాలకుని ప్రక్కన కూర్చుండబెట్టి, ఒక నిజమైన రోగి ప్రశ్నను చేతికిచ్చి వెదకుమన్నప్పుడే ఆ నిర్ణయమునకు సార్థక్యము. లేనియెడల అవి కాలపట్టికలోని ఖాళీగడులు మాత్రమే.

భాష యనునది మరియొక గోడ. తెలుగుబడిలో చదివి వచ్చిన విద్యార్థికి మొదటియేడు రెండు చదువులు: వైద్యమొకటి, ఆంగ్లమొకటి. గ్రంథాలయమున చేతికి తీసిన పుస్తకమును రెండు పుటలు చదివి మరల బీరువాలో పెట్టుటకు సోమరితనమే కారణము కానక్కరలేదు. దేశభాషలో వైద్యము చెప్పుట మన నేలమీద జరుగనిది కాదు. హైదరాబాదున 1917లో అనువాదశాఖ నేర్పరచి, మరుసటి యేట ఉస్మానియా విశ్వవిద్యాలయమును నెలకొల్పి, ఉర్దూలోనికి శాస్త్రగ్రంథములను తెచ్చి, వైద్యమును గూడ ఆ భాషలో బోధించిరి. అది ప్రజలలో నెక్కువమంది భాష కాకపోవుట దాని లోపము. గ్రంథములు ముందు సిద్ధపరచి పిదప బోధించుట దాని గుణము. 2022లో మధ్యప్రదేశమున హిందీలో వైద్యపాఠ్యగ్రంథములను ప్రకటించిరి. తెలుగున వైద్యకళాశాల పెట్టుమని నేననను. కాని ఆంగ్లగ్రంథము ప్రక్కన నిలిచి చేయిపట్టి నడిపించు తెలుగుగ్రంథములు, పరిభాషాకోశములు ప్రతి వైద్యగ్రంథాలయమున నొక బీరువా నిండ నుండవలదా? రోగి తెలుగుననే గదా మూలుగును! రోగి చెప్పిన బాధను ఆంగ్లమున వ్రాసికొని, దానికి మందును తెలుగున చెప్పవలసిన వైద్యునికి రెండు భాషలయందును తన శాస్త్రము తెలిసియుండవలెను.

చేయదగిన పని

మన ఉత్తరజిల్లాలు నేడు వైద్యవిద్యలో మునుపటివలె దరిద్రమైనవి కావు. విజయనగరము దగ్గర నెల్లిమర్లలో నొక కళాశాల ఈ శతాబ్దపు మొదటి సంవత్సరములలో వచ్చెను. శ్రీకాకుళమున 2008లో ప్రభుత్వకళాశాల వచ్చెను. విజయనగరమున 2023లో మరియొక ప్రభుత్వకళాశాల 150 మంది విద్యార్థులకు చోటుతో ఆరంభమయ్యెను. విశాఖయందు 32 మందితో మొదలిడినదానికి అది సరిగా నూరేండ్ల పిమ్మట. భవనములు లేచినవి, పరికరములు వచ్చినవి. ఈ కళాశాలలు తమ తొలి అలవాటులను నేర్చుకొను కాల మిదియే. తొలి అలవాటే చిరకాలము నిలుచును. కావున మూడు పనులు ఇప్పుడే చేయదగియున్నవి.

మొదటిది, గ్రంథపాలకుని ఉపాధ్యాయుడుగా నెంచుట. అతడు పుస్తకముల లెక్క చూచు గుమాస్తా కాడు. ప్రతి విద్యార్థియు ప్రతి సంవత్సరము నొక ప్రశ్ననైన నతని సహాయమున వెదకి, దొరికినదానిని రోగి మంచముప్రక్క తన గురువునకు చెప్పవలెను. రెండవది, రాత్రులు తలుపులు తెరచియుంచుట. ఆసుపత్రికి రాత్రి లేదు; దాని గ్రంథాలయమునకు మాత్రము సాయంకాలమే రాత్రి యగుట యేమి? మూడవది, ముందు నేను చెప్పిన యెడబాటును తొలగించుట. మన మిండ్లకు కట్టు పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయముల నిమిత్తము చేరుచున్నవి. అనగా కొత్తవలసలోని ప్రతి గృహస్థుడును గ్రంథాలయపోషకుడే. అట్టి మండలకేంద్రముల ప్రజాగ్రంథాలయములందు వైద్యవిద్యార్థులకొరకు పాఠ్యగ్రంథముల బీరువా యొకటి, అంతర్జాలముగల బల్ల యొకటి యుండినచో, సెలవులకు ఇంటికి వచ్చిన బాలిక చదువు ఆగదు. ఆమెకొరకు తెచ్చిన యారోగ్యగ్రంథములను ఊరివారును చదువుదురు. ఆమె యొకనాటి సాయంకాలము నలుగురు తల్లులను కూర్చుండబెట్టుకొని, బిడ్డకు విరేచనములైనప్పుడు నీరు త్రాగింపకుండుట యెంత ప్రమాదమో పుస్తకము చూపి చెప్పినచో, విజ్ఞానచంద్రిక వారు కోరినదియు, సరస్వతీనిలయమును పెట్టిన బడిపంతులు కోరినదియు నెరవేరినట్లే.

గృహస్థులైన పాఠకులొక మాట నడుగవచ్చును: కళాశాలల పనులు వారు చూచుకొందురు, మా చేతిలో నేమున్నది? మీ చేతిలో నొక ప్రశ్న యున్నది. వైద్యకళాశాలలో చేరిన మీ కుమార్తె సెలవులకు వచ్చినప్పుడు మార్కులెన్ని యని యడుగుచున్నాము గదా. ఈ నెల గ్రంథాలయమున నేమి వెదకితివమ్మా, ఏమి దొరకినది, దొరకనిది యేమి అని గూడ నడుగుడు. మొదట నామె తడబడును. మరుసటి సెలవులకు జవాబు సిద్ధపరచుకొని వచ్చును. కొన్ని యేండ్లకు, అడుగువారు లేకున్నను, తెలియనిదానిని తెలియదని యొప్పుకొని వెదకు నలవాటు ఆమె రక్తములో కలసిపోవును. అట్టి వైద్యురాలి చేతిలో నాడి పెట్టుటకు మనము వెరవనక్కరలేదు.

కొత్తవలస కూడలిలో ఒక పట్టాలజత సముద్రమువైపునకును, ఒకటి కొండలవైపునకును పోవుచున్నది. ఆ బాలిక చదువు ముగించి ఎటు పోయినను, కొండమీది చిన్న ఆసుపత్రిలో నొంటరిగా కూర్చుండవలసివచ్చినను, ఆమెవెంట పోవునది కొన్న పుస్తకముల మూట కాదు. వెదకుట నేర్చిన బుద్ధి.